గొట్టం పొడవే గడియారం: అతివేగ రసాయన చర్యలను మైక్రోరియాక్టర్లు ఎలా అదుపులో పెడతాయి

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి జీడిమెట్లకో, పాశమైలారానికో, విశాఖ పక్కన పరవాడకో ఉద్యోగానికి వెళ్లే పిల్లలకు మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ల్యాబులో లీటరు ఫ్లాస్కులో చక్కగా వచ్చిన చర్య ప్లాంటులో ఐదు వేల లీటర్ల రియాక్టరులోకి వెళ్లేసరికి తీరు మార్చుకుంటుంది. ముడిసరుకులు అవే, ఉష్ణోగ్రత అదే, కలిపే వరుస అదే. అయినా ల్యాబులో జాడగా మాత్రమే కనిపించిన మలినం ప్లాంటు శాంపిలులో పెద్ద పీక్‌గా లేస్తుంది. షిఫ్టులో ఉన్న కెమిస్టు తప్పు చేశాడేమోనన్న అనుమానం మొదట వస్తుంది. చాలాసార్లు తప్పు అతనిది కాదు. ఆ చర్య తనకు కావలసిన పదార్థాలు పూర్తిగా కలిసేదాకా ఆగేంత నిదానమైనది కాదు, అంతే. అలాంటి చర్యలను పెద్ద పాత్రలో కాక, మిల్లీమీటరు లోపు సన్నని గొట్టాల్లో ద్రవాలు ప్రవహిస్తుండగానే జరిపే సాధనాన్ని మైక్రోరియాక్టరు అంటారు.

పాఠ్యపుస్తకాల్లో చర్యావేగం గురించి చెప్పేటప్పుడు ఒక విషయాన్ని చెప్పకుండానే ఒప్పుకుంటాము. పాత్రలో ప్రతిచోటా గాఢత ఒకటే అనుకుంటాము. గంటల తరబడి సాగే ఎస్టరీకరణకు ఆ ఊహ సరిపోతుంది, ఎందుకంటే స్టిర్రర్ కొన్ని సెకన్లలో ద్రవాన్నంతా కలిపేస్తుంది. చర్య మిల్లీసెకన్లలో ముగిసేదైతే మాత్రం ఆ ఊహ మొదటి క్షణంలోనే కూలిపోతుంది. కలయిక పూర్తి కాకముందే చర్య పూర్తవుతుంది. అప్పుడు ఏ పదార్థం ఎంత తయారవుతుందన్నది అణువుల స్వభావం కంటే, ద్రవాలు ఒకదానిలోకి మరొకటి ఎలా చొరబడ్డాయన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

రసాయన చర్యలు ఎంత వేగంగా జరగగలవో తెలియడానికి తటస్థీకరణనే చూడవచ్చు. కర్నూలు పక్కన గొందిపర్లలో ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేసి కాస్టిక్ సోడా తయారు చేస్తారు. ఆ కాస్టిక్ ద్రావణంలోని హైడ్రాక్సైడ్ అయాను ఆమ్లంలోని హైడ్రోజన్ అయానును కలిస్తే నీరవుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ చర్య వేగ స్థిరాంకం సుమారు 1.4 × 10¹¹, లీటరు–మోల్–సెకను ప్రమాణాల్లో. రెండూ లీటరుకు ఒక మోల్ చొప్పున, అణువు పక్కన అణువు అన్నట్టుగా ముందే కలిసి ఉన్నాయనుకుంటే, అందులో సగం చర్య జరగడానికి సెకనును పది వేల కోట్ల భాగాలు చేసినప్పటి ఒక భాగం కూడా పట్టదు. ఇంతటి వేగాలను కొలిచే పద్ధతులు కనిపెట్టినందుకే మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కు, రొనాల్డ్ నోరిష్, జార్జ్ పోర్టర్‌లతో పాటు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ స్టిర్రరూ ఈ వేగాన్ని అందుకోలేదు. తటస్థీకరణలో అది నష్టం కాదు, ఎందుకంటే ఎలా కలిపినా చివరికి ఉప్పూ నీరే వస్తాయి. రెండు దారులున్న చర్యల్లోనే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

ఆ ఇబ్బందిని దగ్గరగా చూద్దాం. ఫ్లాస్కులో ‘క’ అనే పదార్థం ఉంది, పైన ఫనెల్ నుంచి ‘గ’ అనే పదార్థం చుక్కలుగా పడుతోంది. ‘క’, ‘గ’ కలిస్తే మనకు కావలసిన ‘చ’ వస్తుంది. ఆ ‘చ’ మరొక ‘గ’తో కలిస్తే అక్కర్లేని ‘ట’ వస్తుంది. మొదటి చర్య రెండోదానికంటే వంద రెట్లు వేగమైనదనుకుందాం. పుస్తకం లెక్క ప్రకారం, రెంటినీ సమాన మోల్‌లలో తీసుకుంటే ‘ట’ దాదాపు రాకూడదు. ఇప్పుడు చుక్క పడింది. ఆ చుక్క ‘గ’తో నిండిన చిన్న గోళం, దాని చుట్టూ ‘క’. చర్య వాటి సరిహద్దులో మాత్రమే జరుగుతుంది. సరిహద్దు దగ్గరున్న ‘క’ క్షణంలో ఖర్చయిపోతుంది, అక్కడ ‘చ’ పేరుకుంటుంది. దూరంగా ఉన్న ‘క’ అక్కడికి రావాలంటే ఆ ‘చ’ పొరను దాటి రావాలి. చుక్కలో మిగిలిన ‘గ’కు ఎదురుగా కనిపించేది ఇప్పుడు ‘క’ కాదు, ‘చ’. రెండో చర్య నిదానమైనదే అయినా, ‘గ’కు వేరే జత లేనప్పుడు అదే జరుగుతుంది. ఫ్లాస్కు మొత్తంలో చూస్తే ‘క’ సమృద్ధిగా ఉంది, చుక్క చుట్టూ మాత్రం లేదు. వంద రెట్లు ఎంపిక చూపగల చర్య చేతిదాకా వచ్చి నేలపాలవుతుంది. కలిసే కాలాన్ని చర్య జరిగే కాలంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డాంకోలర్ పేరుతో పిలుస్తారు. అది ఒకటికంటే బాగా తక్కువైతే అణువుల స్వభావం నిర్ణయిస్తుంది, బాగా ఎక్కువైతే కలయిక నిర్ణయిస్తుంది. ప్లాంటులో పనిచేసే కెమిస్టు తన చర్య గురించి మొదట తెలుసుకోవలసిన సంఖ్య ఇదేనని నా అభిప్రాయం. మన డిగ్రీ సిలబస్‌లో మాత్రం దాని ప్రస్తావన అరుదు.

క్యోటో విశ్వవిద్యాలయంలో జున్-ఇచి యోషిదా బృందం 2003లో ప్రచురించిన ఒక ఫలితం దీన్ని అంకెలతో నిరూపించింది. ట్రైమెథాక్సీబెంజీన్‌కు చాలా చురుకైన ఒక కాటయానును జోడించే ఫ్రీడెల్–క్రాఫ్ట్స్ చర్య అది. ఒక్కటి అతుక్కుంటే చాలు, కానీ రెండోది కూడా అతుక్కోగలదు. మైనస్ 78 డిగ్రీల వద్ద మామూలు ఫ్లాస్కులో చేసినప్పుడు ఒకటి అతుక్కున్నది 37 శాతం, రెండు అతుక్కున్నది 32 శాతం వచ్చాయి. అవే ద్రావణాలను సన్నని మార్గాలున్న మైక్రోమిక్సర్ గుండా పంపితే మొదటిది 92 శాతానికి పెరిగింది, రెండోది 4 శాతానికి పడిపోయింది. ఉత్ప్రేరకాన్ని మార్చలేదు, ఉష్ణోగ్రతను మార్చలేదు, కలిసే తీరును మాత్రమే మార్చారు. ఇలాంటి చర్యలను క్షణాల్లో జరిపి, క్షణాల్లోనే ఆపే పద్ధతికి యోషిదా ఫ్లాష్ కెమిస్ట్రీ అని పేరు పెట్టి, 2019లో మరణించేదాకా దాని మీదే పనిచేశారు.

ఎంత బాగా కలిసిందో కొలవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. అనంతపురంలో ఏ డిగ్రీ కాలేజీ ల్యాబులోనైనా చేయదగిన పరీక్ష ఒకటుంది, దాన్ని విల్లెర్మో–డష్మన్ పరీక్ష అంటారు. ఒక సీసాలో పొటాషియం అయోడైడ్, పొటాషియం అయొడేట్, బోరేట్ బఫరు కలిపిన ద్రావణం తీసుకుంటారు. రెండో సీసాలో సజల గంధకామ్లం, బోరేటునంతా తటస్థీకరించడానికి చాలనంత తక్కువ మోతాదులో. ఆమ్లం ముందు రెండు దారులున్నాయి. బోరేటుతో కలవడం దాదాపు తక్షణం జరిగే చర్య. అయోడైడ్, అయొడేట్‌లతో కలిసి అయోడిన్‌ను ఇవ్వడం కూడా వేగమైనదే, కానీ మొదటిదానంత కాదు. కలయిక పరిపూర్ణంగా ఉంటే ఆమ్లాన్నంతా బోరేటే పట్టుకుంటుంది, ద్రవం రంగు లేకుండా బయటికి వస్తుంది. కలయిక లోపిస్తే ఆమ్లం ఎక్కువగా ఉన్నచోట బోరేటు అయిపోతుంది, మిగిలిన ఆమ్లం అయోడిన్‌ను పుట్టిస్తుంది, అది అయోడైడ్‌తో కూడి ట్రైఅయోడైడ్‌గా మారి పసుపు రంగు తేలుతుంది. స్పెక్ట్రోఫొటోమీటరులో 353 నానోమీటర్ల వద్ద చూస్తే ఎంత ఏర్పడిందో అంకె తెలుస్తుంది. రెండు సిరంజిలు, ‘T’ ఆకారంలో ఉండే ఒక టీ జాయింటు, సన్నని టెఫ్లాన్ గొట్టం ఉంటే చాలు. సిరంజిలను మెల్లగా నొక్కితే పసుపు ముదురుతుంది, వేగంగా నొక్కితే లేతబడుతుంది. కలయికను కంటితో చూపించే ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

వేగంగా నొక్కితే రంగు ఎందుకు లేతబడుతుందో అర్థం కావాలంటే, కలయిక చివరి మెట్టు ఎప్పుడూ విసరణే, అంటే డిఫ్యూజనే అని గుర్తుంచుకోవాలి. స్టిర్రర్ ఎంత గట్టిగా తిరిగినా అది చేసేది ద్రవాన్ని పలచటి పొరలుగా సాగదీసి మడవడమే. ఆ పొరలో ఈ చివరి నుంచి ఆ చివరికి అణువు తనంతట తానే కదిలి వెళ్లాలి. అందుకు పట్టే కాలం పొర మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది. నీటిలో చిన్న అణువుల విసరణ గుణకం సెకనుకు సుమారు 10⁻⁹ చదరపు మీటర్లు. మందం ఒక మిల్లీమీటరైతే కాలం సుమారు 1000 సెకన్లు, అంటే పావుగంట దాటుతుంది. 0.1 మిల్లీమీటరైతే 10 సెకన్లు, 0.01 మిల్లీమీటరైతే సెకనులో పదోవంతు. మందాన్ని పదింట ఒక వంతు చేస్తే కాలం వందింట ఒక వంతు అవుతుంది. మైక్రోరియాక్టరు బలమంతా ఈ వర్గంలోనే ఉంది.

అయితే ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. గొట్టం సన్నగా ఉన్నంత మాత్రాన చాలదు. పావు మిల్లీమీటరు గొట్టంలో రెండు ద్రవాలు పక్కపక్కన ప్రశాంతంగా ప్రవహిస్తే, అవి కలవడానికి ఇంకా పదుల సెకన్లు పడుతుంది. అంత సన్నని మార్గాల్లో ప్రవాహం సాధారణంగా స్తరీయంగా, సుడులు లేకుండా సాగుతుంది. కాబట్టి మిక్సర్లను రెండు రకాలుగా రూపొందిస్తారు. ఒక రకంలో రెండు ద్రవాలనూ కొన్ని పదుల మైక్రోమీటర్ల వెడల్పున్న అనేక పాయలుగా చీల్చి, ఒకటి విడిచి ఒకటిగా పేర్చి, ఆ పేర్పునంతా ఒక ఇరుకులోకి నెట్టి ఇంకా పలచగా చేస్తారు. రెండో రకం మామూలు టీ ఆకారమే, కానీ ద్రవాలను చాలా వేగంగా ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ప్రవాహపు ఊపు ద్రవం జిగట కంటే ఎంత బలమైనదో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య కొన్ని వందలకు చేరేసరికి, నేరు గొట్టంలో స్తరీయంగానే ఉండవలసిన ఆ ప్రవాహం, టీ మలుపు దగ్గర మెలితిరిగి ఒకదాన్నొకటి చుట్టేసుకుంటుంది. పొరలు వాటంతట అవే పలచబడతాయి. సిరంజిని గట్టిగా నొక్కినప్పుడు పసుపు రంగు తగ్గేది అందువల్లే.

కలయిక ఒక సగమైతే, కాలాన్ని కత్తిరించడం మరో సగం. మైక్రోరియాక్టరు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. ఫ్లాస్కులో చర్య మొదలైన మూడు మిల్లీసెకన్లకు దాన్ని ఆపమంటే ఎవరి వల్లా కాదు. ప్రవహించే గొట్టంలో అది కొలబద్దతో చేసే పని. ద్రవం స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు, కలిసిన చోటు నుంచి ఎంత దూరం వెళితే అంత కాలం గడిచినట్టు. కాలం పొడవుగా మారుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో హామిల్టన్ హార్ట్‌రిడ్జ్, ఫ్రాన్సిస్ రౌటన్ 1923లో హీమోగ్లోబిన్ ద్రావణాన్నీ మరో ద్రావణాన్నీ ఒక మిక్సరులో ఢీకొట్టించి, గొట్టం వెంబడి వేర్వేరు దూరాల్లో రంగును పరిశీలించి మిల్లీసెకన్ల చర్యలను కొలిచారు. వారు కొలవడానికి వాడిన ఉపాయాన్నే నేడు తయారీకి వాడుతున్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం. లోపలి వ్యాసం 0.25 మిల్లీమీటరు, పొడవు ఒక సెంటీమీటరు ఉన్న గొట్టంలో పట్టే ద్రవం అర మైక్రోలీటరు కంటే కొంచెం తక్కువ. రెండు పంపులూ కలిసి నిమిషానికి 6 మిల్లీలీటర్లు నెడుతున్నాయంటే సెకనుకు 100 మైక్రోలీటర్లు. అంటే ద్రవం ఆ గొట్టంలో ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. అదే గొట్టాన్ని రెండు మీటర్లు పెడితే దాదాపు ఒక సెకను. ఆ గొట్టం చివర రెండో టీ జాయింటు పెట్టి, అక్కడ మూడో ద్రావణాన్ని కలిపితే, సరిగ్గా ఆ వయసున్న మధ్యంతర పదార్థమే, అంటే మొదటి చర్యలో పుట్టి తరువాతి చర్యలో వాడుకోవలసిన పదార్థమే, దాన్ని కలుసుకుంటుంది. గొట్టాన్ని కత్తెరతో కోస్తే వయసు తగ్గుతుంది.

ఇది ఎవరికి కావాలంటే, ఆర్గానోలిథియం సమ్మేళనాలతో, అంటే కార్బన్‌కు లిథియం అతుక్కుని ఉండే పదార్థాలతో పనిచేసే ప్రతివారికీ కావాలి. బ్యూటైల్ లిథియంతో ఒక హాలోజన్‌ను తొలగించి ఎరైల్ లిథియం (బెంజీన్ వంటి వలయానికి లిథియం అతికినది) చేయడం మందుల తయారీలో తరచుగా వచ్చే మెట్టు. ఆ ఎరైల్ లిథియం ఎంత చురుకైనదంటే, అదే అణువులో కీటోన్ ఉంటే మనం అనుకున్న జతను వదిలేసి ఆ కీటోన్ మీదే దాడి చేస్తుంది. అందుకే ముందుగా కీటోన్‌ను వేరే గ్రూపుతో కప్పి, పని అయ్యాక ఆ కప్పును తీసేస్తారు. దాని కోసం రెండు మెట్లు, రెట్టింపు ద్రావణి, రెట్టింపు వ్యర్థం. యోషిదా బృందం 2011లో కప్పు లేకుండానే ఆ పని చేసి చూపించింది. ఎరైల్ లిథియం గొట్టంలో ఉండే కాలాన్ని 3 మిల్లీసెకన్లకో అంతకంటే తక్కువకో కుదించి, అది కీటోన్ వైపు తిరిగేలోగానే తరువాతి ద్రావణాన్ని అందించారు. రక్షక గ్రూపులు పెట్టడం, తీయడం సంశ్లేషణలో తప్పని తంతుగా మేము నేర్చుకున్నాము, పిల్లలకు నేర్పుతున్నాము. ఆ తంతు అవసరం కొన్ని చోట్ల అణువు నుంచి కాక, మన పాత్ర నిదానం నుంచి పుట్టిందని ఆ ఫలితం తేల్చింది.

2016లో ఇదే బృందం దక్షిణ కొరియాలోని పోస్టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ఇంకా ముందుకు వెళ్లింది. ఎరైల్ లిథియం ఏర్పడిన వెంటనే, పక్కనున్న ఆక్సిజన్ మీది కార్బొనైల్ భాగం కార్బన్ మీదికి దూకే పునర్విన్యాసం ఒకటుంది, దాన్ని ఫ్రైస్ పునర్విన్యాసం అంటారు. అది అణువు తనలో తాను చేసుకునే చర్య కాబట్టి, ఎంత బాగా కలిపినా ఆగదు, కాలాన్ని కుదించడం ఒక్కటే మార్గం. పాలిమర్ పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన చిప్పులో, ద్రవం ఉండే కాలాన్ని 0.33 మిల్లీసెకనుకు తగ్గించి, ఆ దూకుడుకు ముందే మధ్యంతరాన్ని పట్టుకున్నారు. ఆ పద్ధతితో నులిపురుగుల మందు అఫెసాల్‌ను తయారు చేసి చూపించారు. ఇక్కడ కలయిక, కాలం రెండూ ఒకేసారి మిల్లీసెకను లోపలికి రావాలి. ఒకటి సాధించి రెండోది వదిలేస్తే ఫలితం లేదు.

వేడి సంగతికి వస్తే, వేగమైన చర్యలు చాలావరకు వేడినిచ్చేవే. లీటరుకు ఒక మోల్ గాఢతలో ఆమ్లాన్నీ క్షారాన్నీ సమానంగా కలిపితేనే ద్రవం దాదాపు 7 డిగ్రీలు వేడెక్కుతుంది, లిథియం చర్యలూ నైట్రేషన్లూ అంతకంటే ఎంతో ఉధృతమైనవి. ఆ వేడి బయటికి పోవలసింది పాత్ర గోడ గుండానే. ఐదు వేల లీటర్ల రియాక్టరులో, పొడవూ వ్యాసమూ సమానమనుకుంటే, ప్రతి వెయ్యి లీటర్లకు దక్కే గోడ మూడు చదరపు మీటర్లకు లోపే. అర మిల్లీమీటరు గొట్టంలో అదే వెయ్యి లీటర్లకు ఎనిమిది వేల చదరపు మీటర్లు. ప్లాంటులో బ్యూటైల్ లిథియంను రాత్రంతా చుక్కచుక్కగా ఎందుకు పోస్తారో ఈ రెండు అంకెలే చెబుతాయి. చర్య నిదానమై కాదు, రియాక్టరు చుట్టూ చల్లటి ద్రవం తిరిగే జాకెట్టు వేడిని లాగలేక. అలా పోస్తున్నంతసేపూ ముందు ఏర్పడిన మధ్యంతరం పాత్రలో కాచుకుని కూర్చోవాలి, అది చెడిపోకుండా మైనస్ 78 డిగ్రీల చలి పెట్టాలి, ఆ చలికి ద్రవ నత్రజనో పొడి మంచో ఖర్చు పెట్టాలి. ఒక నిదానం మరో ఖర్చును ఈడ్చుకొస్తుంది.

జర్మనీలోని మెర్క్ సంస్థ 1998లో ఒక కీటోన్‌కు సంబంధించిన లోహసేంద్రియ చర్యను చిన్న మిక్సర్లకు మార్చిన ఉదాహరణ ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఫ్లాస్కులో మైనస్ 40 డిగ్రీల వద్ద అరగంటకు 88 శాతం దిగుబడి వచ్చేది. పెద్ద రియాక్టరులో మైనస్ 20 డిగ్రీల వద్ద 5 గంటలు పట్టి 72 శాతానికి పడిపోయింది. మైక్రోరియాక్టరులో మైనస్ 10 డిగ్రీల వద్ద 10 సెకన్ల లోపే 95 శాతం వచ్చింది. ఉత్పత్తికి మాత్రం మూసుకుపోయే బెడద వల్ల, కొంచెం పెద్ద మార్గాలున్న ఐదు మిక్సర్లను పక్కపక్కన పెట్టి 92 శాతంతో సరిపెట్టుకున్నారు. ఆ సరిపెట్టుకోవడంలో ఉన్న వివేకం నాకు 95 శాతం కంటే ఎక్కువ నచ్చుతుంది.

భద్రత కోణం కూడా ఇక్కడే ఉంది. 1864లో స్టాక్‌హోంలో నోబెల్ కుటుంబపు నైట్రోగ్లిజరిన్ షెడ్డు పేలి ఆల్‌ఫ్రెడ్ తమ్ముడు ఎమిల్ మరణించాడు. అదే పదార్థాన్ని మన కాలంలో చైనాలోని షియాన్‌లో, జర్మనీలోని మైంజ్ సూక్ష్మ సాంకేతిక సంస్థ సహకారంతో, గంటకు 15 కిలోల చొప్పున మైక్రోరియాక్టర్లలో తయారు చేశారు. ఏ క్షణంలో చూసినా చర్య జరుగుతున్న ద్రవం కొద్దిపాటిదే. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి ప్రాణాలు తీసింది, ట్యాంకులో నిల్వ ఉన్న సుమారు 40 టన్నుల మధ్యంతర పదార్థమే కదా. పుట్టించిన మధ్యంతరాన్ని పుట్టిన చోటే వాడేయడం అన్న సూత్రాన్ని ఆ రాత్రి తరువాత ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. అయితే మైక్రోరియాక్టరు పెట్టినంత మాత్రాన ప్లాంటు నిరపాయమైపోదు. బ్యూటైల్ లిథియం డ్రమ్ములు, ద్రావణి ట్యాంకులు బయట అలాగే ఉంటాయి, తయారైన నైట్రోగ్లిజరిన్ ఎక్కడో ఒకచోట చేరుతుంది. తగ్గేది చర్యాస్థలంలోని నిల్వ మాత్రమే.

ఇక అడ్డంకుల సంగతి. మొదటిది ఘనపదార్థం. లిథియం చర్యల్లో లిథియం లవణాలు వస్తాయి. కాస్త తేమ తగిలినా లిథియం హైడ్రాక్సైడ్ రేణువులుగా విడిపోయి మిక్సరు నోటి దగ్గరే పేరుకుంటుంది. అనంతపురం జిల్లాలో చీనీ తోట ఉన్న ఏ రైతుకైనా ఈ బాధను విడమరచి చెప్పనక్కర్లేదు. బోరు నీటిలోని సున్నం డ్రిప్పర్లలో పేరుకుని, ఒక్కొక్కటే మూసుకుపోయి, లైనుకు యాసిడ్ పెడితే తప్ప వదలదు. డ్రిప్పులో ఉన్న రెండో సమస్య కూడా మైక్రోరియాక్టర్లకు ఉంది. లైను మొదట్లో ఉన్న చెట్టుకూ చివర ఉన్న చెట్టుకూ ఒకే నీరు అందాలంటే పీడనాన్ని సరిచేసే డ్రిప్పర్లు పెట్టాలి. అలాగే ఉత్పత్తి పెంచడానికి ఒకే గొట్టాన్ని లావు చేయకుండా వంద గొట్టాలు పక్కపక్కన పెట్టినప్పుడు, అన్నిటికీ సమాన ప్రవాహం అందాలి. ఒక గొట్టం సగం మూసుకుపోతే దానిలో ద్రవం ఉండే కాలం పెరుగుతుంది, మధ్యంతరం చెడిపోతుంది, మిగిలిన తొంభైతొమ్మిది సక్రమంగా పనిచేసినా కలిసిన ఉత్పత్తిలో మలినం తేలుతుంది. ఏ గొట్టంలో తప్పు జరిగిందో కనిపెట్టడం అప్పుడు పెద్ద పని.

రెండో అడ్డంకి పీడనం. పైన లెక్కవేసిన 0.25 మిల్లీమీటరు గొట్టంలో సెకనుకు 100 మైక్రోలీటర్ల నీటిని ఒక మీటరు నడపడానికే సుమారు 10 బార్ల పీడనం కావాలి. ప్రవాహాన్ని అలాగే ఉంచి వ్యాసాన్ని సగం చేస్తే అది 16 రెట్లవుతుంది, ఎందుకంటే పీడనం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. కాబట్టి మార్గం ఎంత సన్నగా ఉంటే అంత మంచిదన్న మాట నిజం కాదు. తెలిసిన ఇంజనీరు మిక్సరు దగ్గర మాత్రమే ఇరుకు పెట్టి, ఆ వెంటనే గొట్టాన్ని వెడల్పు చేస్తాడు. పంపు కూడా నిలకడగా ఉండాలి. పిస్టను పంపు ప్రతి కొట్టుకూ ప్రవాహం ఊగిసలాడితే, మిల్లీసెకన్ల వ్యవహారంలో రెండు ద్రావణాల నిష్పత్తి కూడా ఆ ఊపుతో పాటే ఊగుతుంది. ల్యాబులో సిరంజి పంపు ఆ లోపాన్ని దాచిపెడుతుంది, ప్లాంటులో అది బయటపడుతుంది.

ఉత్పత్తి పరిమాణం గురించి ఒక అపోహ ఉంది. చిన్న గొట్టంలో ఏం తయారవుతుందని అడుగుతారు. నిమిషానికి 6 మిల్లీలీటర్లు అంటే రోజుకు 8.6 లీటర్లు. అందులో ఉత్పన్నం లీటరుకు పావు మోల్ చొప్పున, అణుభారం 200 అనుకుంటే, ఒకే గొట్టం రోజుకు 400 గ్రాములకు పైగా ఇస్తుంది. టన్నుల్లో అమ్ముడుపోయే మందులకు అది చాలదు, మిల్లీగ్రాముల మోతాదులో పనిచేసే మందులకు కొన్ని గొట్టాలతోనే సరిపోవచ్చు. మందుల కంపెనీ ఎలై లిల్లీ పరిశోధకులు 2017లో ప్రెక్సాసెర్టిబ్ అనే క్యాన్సరు మందును నిరంతర ప్రవాహ పద్ధతిలో, రోగులకు ఇవ్వదగిన ప్రమాణాలతో 24 కిలోలు చేసి చూపించారు. అందులోని చర్యలన్నీ అతివేగమైనవి కావు. నిరంతర తయారీ, మైక్రోరియాక్టరు ఒకటి కాదని ఇక్కడ గుర్తించాలి. మొదటిది పని జరిపే పద్ధతి, రెండోది ఆ పద్ధతిలో కొన్ని మెట్లకు మాత్రమే కావలసిన సాధనం. నియంత్రణ సంస్థల వైపు నుంచి, మందుల ప్రమాణాలను వివిధ దేశాల మధ్య ఏకరీతిగా ఉంచే ఐసీహెచ్ అనే అంతర్జాతీయ మండలి 2022లో ఖరారు చేసిన క్యూ13 మార్గదర్శకం, నిరంతర తయారీలో బ్యాచ్ అంటే ఎంత సరుకో, ఎంత సేపో ఎలా నిర్వచించుకోవచ్చో చెప్పింది. దాంతో ఈ పద్ధతికి అనుమతి దొరకదన్న భయానికి ఆధారం పోయింది.

మరి ఏ చర్యకు మైక్రోరియాక్టరు కావాలి? స్విట్జర్లాండ్‌కు చెందిన లోంజా సంస్థలో డొమినిక్ రోబెర్జ్ బృందం 2005లో చర్యలను మూడు రకాలుగా విడదీసింది. సెకను లోపు ముగిసేవి, సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టేవి, అంతకంటే ఎక్కువ పట్టేవి. మొదటి రకం పూర్తిగా కలయిక చేతిలో ఉంటాయి, వాటికి మైక్రోమిక్సరు తప్పనిసరి. రెండో రకానికి కావలసింది ప్రధానంగా వేడిని లాగే గోడ. మూడో రకాన్ని సన్నని గొట్టంలో పెట్టడం సాధారణంగా దండగ, భద్రత కోసమో అధిక ఉష్ణోగ్రత కోసమో అయితే తప్ప. ఆ సంస్థ పరిశీలించిన చర్యల్లో దాదాపు సగం, చర్యావేగాన్ని బట్టి చూస్తే నిరంతర పద్ధతివల్ల లాభపడేవే. ఘనపదార్థాలున్నవాటిని తీసేస్తే ఆ వాటా మొత్తంలో దాదాపు ఐదింట ఒక వంతుకు తగ్గిపోయింది. అందుకే ఘనపదార్థాన్ని మోసుకుపోయే గొట్టాల కోసం అల్ట్రాసౌండు, గొట్టం గోడకు తగలకుండా చుక్కల్లో చర్య జరిపే పద్ధతులు, లవణాన్ని కరిగించగల ద్రావణుల ఎంపిక ఇంత పట్టుదలగా వెతుకుతున్నారు. మన దేశంలో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఈ రంగంలో పనిచేస్తున్నాయి.

గొట్టం కొనేముందు ప్లాంటు కెమిస్టు తన ఫ్లాస్కులోనే చేసుకోవలసిన పరీక్ష సులువైనది. మిగతావన్నీ అలాగే ఉంచి స్టిర్రర్ వేగాన్ని మాత్రం మార్చి, మలినం శాతాన్ని చూడాలి. తరువాత స్టిర్రర్‌ను ఒకే వేగంలో ఉంచి, చుక్కలు పడే చోటును మార్చాలి. ఒకసారి ద్రవం పైభాగాన, ఒకసారి గొట్టాన్ని లోపలికి దించి పంకా రెక్క పక్కనే. ఆ పైన పోసే ద్రావణాన్ని పలచన చేసి చూడాలి. ఈ మూడింటిలో దేనివల్లనైనా మలినం మారితే ఆ చర్యను నడుపుతున్నది కలయికే, దానికి మైక్రోమిక్సరు పనికొస్తుంది. ఏదీ మారకపోతే మలినం అణువుల స్వభావం నుంచే వస్తోంది, దానికి ఉష్ణోగ్రతనో, ద్రావణినో, ఉత్ప్రేరకాన్నో మార్చుకోవాలి. కలయిక కారణం కాక, మధ్యంతరం వేచి ఉండటమే కారణమైతే, పోసే వ్యవధిని రెట్టింపు చేసినప్పుడు మలినం పెరుగుతుంది. అప్పుడు కావలసింది మెరుగైన మిక్సరు కాదు, పొట్టి గొట్టం.